పెద్దాయన తీసిన ఫొటోలు

ఇంటి నుంచి,
ఫిబ్రవరి 3

పొడుగూ,

అక్క ఆశీస్సులు. నువ్వు బస్సెక్కి రెండు రోజులైంది. చేరావో లేదో తెలియదు. లాడ్జికి ఫోన్ చేద్దామంటే నా చెవుల సంగతి నీకు తెలుసు. అవతలివాళ్ళ మాట సగం వినబడదు, విన్న సగం ఫోన్ పెట్టేసేసరికి గుర్తుండదు. ఉత్తరమైతే ఎన్నిసార్లైనా చదువుకోవచ్చు. నువ్వు ఏ తారీఖున ఏ ఊళ్ళో ఉంటావో రాసిచ్చిన కాగితాన్ని కుట్టుమిషను ఎదురుగా గోడకి గుండుసూదులతో గుచ్చాను. నాలుగు ఊళ్ళు, రెండు నెలలు, ఆఖరున సముద్రం. తలెత్తినప్పుడల్లా అదే కనబడుతోంది. రేపు తీసి పక్కగోడకి పెడతాను.

నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని, తప్పులుంటే సర్దుకుని చదువుకో. అరవై ఏళ్ళదానివి, ముప్పై ఏళ్ళు ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో పనిచేసి మొన్ననే రిటైరైనదానివి, నీకు నేను జాగ్రత్తలు చెప్పడమేమిటని నవ్వుకుంటావు. నవ్వుకో, కానీ చదివాక నవ్వుకో.

నీ కోటు లోపల ఎడమ చంక కింద ఒక జేబు కుట్టాను. ముందే చెబితే నలుగురిలో తడుముకుంటూ ఉంటావని చెప్పలేదు. గుర్తింపు కార్డు నకలు ఒకటి అందులో పెట్టు, ఇంకొకటి పెట్టె అడుగున పెట్టు. లాడ్జి పేరున్న చీటీ ఎప్పుడూ దగ్గర ఉంచుకో, దారి తప్పితే నోటితో చెప్పక్కర్లేకుండా చూపించవచ్చు. చీకటి పడకముందే కొత్త ఊరు చేరే బస్సు చూసుకో. కింది అంతస్తులో గది వద్దు, కిటికీలోంచి ఎవరైనా రావచ్చు. పై అంతస్తులో వద్దు, నిప్పంటుకుంటే దిగలేవు. మధ్య అంతస్తులోనే అడుగు. మధ్య అంతస్తు లేకపోతే ఏం చేయాలో నాకు తోచలేదు, ఆలోచించి రాస్తాను.

ఇక్కడ అంతా మామూలే. బడిపిల్లల యూనిఫారాలు ముప్పై జతలు వచ్చాయి. నిన్న ఇంటాయన మెట్లెక్కి వచ్చాడు. పక్కవీధిలో కళ్ళజోళ్ళాయనకి కొట్టు చాలడం లేదట, కళ్ళు పరీక్ష చేయడానికి ఒక గది కావాలట. మన రెండు గదుల్లో నీ గది ఇప్పుడు ఖాళీయేనా అని అడిగాడు. మనిషి ఊరెళ్ళింది గాని గది ఊరెళ్ళలేదని చెప్పి పంపాను.

అన్నం తిన్నాను. నువ్వు అడుగుతావని రాస్తున్నాను.

దిగులుగా,
అక్క

*

మొదటి ఊరి లాడ్జి నుంచి,
ఫిబ్రవరి 8

అక్కా,

చేరాను. క్షేమం. మధ్య అంతస్తు దొరికింది. ఈ మూడు మాటలూ ముందు రాసేస్తే మిగతాది నువ్వు నెమ్మదిగా చదువుతావని ఆశ.

లోపలి జేబు బస్సులోనే తగిలింది. కదిలినప్పుడల్లా కరకరమంటుంటే చేయి పెట్టి చూస్తే ఒక చీటీ. మన ఇంటి చిరునామా, నా రక్తం గ్రూపు, నీ పెద్దక్షరాలు. పక్క సీటావిడ చదివి, మీ అమ్మగారు రాసిచ్చారా అని అడిగింది. దాదాపు అంతే అన్నాను.

ఒంటరిగా తిరగడం నువ్వనుకున్నంత కష్టంగా లేదు. దారి అడగాలంటే నడిచేవాళ్ళని అడగను, కొట్లో కూర్చున్నవాళ్ళని అడుగుతాను. వాళ్ళు కొట్టు వదిలేసి నా వెంట రాలేరు కదా. బయటికెళ్ళేటప్పుడు ఎన్ని గంటలకి తిరిగొస్తానో లాడ్జి గుమాస్తాకి చెప్పి వెళ్తాను. నిన్న పావుగంట ఆలస్యమైతే ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నువ్వేమైనా ఉత్తరం రాశావేమో అని అనుమానం వచ్చింది.

ఫొటోల పని నేర్చుకుంటున్నాను. ఇన్నేళ్ళూ మనుషుల ఎముకలు తీశాను, మొహాలు తీయడం ఇదే మొదలు. అలవాటు వదలదు. నిన్న వంతెన మీద పావురాల వైపు కెమెరా పెట్టి, "ఊపిరి బిగబట్టండి, కదలకండి" అన్నాను. పక్కన నిలబడ్డ ముసలాయనా ఆయన భార్యా బిగబట్టారు పాపం. వదలమని చెప్పడం మర్చిపోయాను. ఒకటి మాత్రం తెలిసింది, పొద్దున్నే, మళ్ళీ సాయంత్రం, ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడే తీయాలి. మిట్టమధ్యాహ్నం గోడలన్నీ జ్వరం మొహాల్లా పాలిపోయి ఉంటాయి. అప్పుడు కెమెరా సంచిలో పెట్టేసి పడుకుంటాను.

పెద్దాయన వెంట ఉన్నాడు గనక నాకు ఏ బెంగా లేదు. వద్దంటావేమోనని నీకు ముందు చెప్పలేదు.

మూడు ఫొటోలు స్టూడియోలో అచ్చు వేయించి పంపుతున్నాను. అన్నింట్లోనూ నేనే ఉన్నాను. ఆనవాలు కావాలని అడుగుతావని.

నీ,
పొడుగు

*

ఇంటి నుంచి,
ఫిబ్రవరి 12

పొడుగూ,

అక్క ఆశీస్సులు. చేరాను అన్న మాట చదివి కుర్చీలో అరగంట అలాగే కూర్చుండిపోయాను. కొలతలివ్వడానికి వచ్చిన టీచరమ్మ, ఏమైంది, చెడ్డ కబురా అని కంగారుపడింది. మంచి కబురేనమ్మా, అలవాటు లేక ఇలా ఉన్నాను అన్నాను.

ఫొటోలు మూడూ మిషను పక్కన పెట్టుకున్నాను. నువ్వు సన్నబడ్డావు. వంతెన మీద ఫొటోలో కోటు కాలరు లోపలికి మడిచిపోయింది, ఇంకెవరూ చెప్పరు గనక నేనే చెప్పాలి. మూడింట్లోనూ నీకు ఆయాసంగా ఉంది, పరిగెత్తుకొచ్చినట్టు నోరు తెరుచుకుని ఉన్నావు. మూడింట్లోనూ నవ్వు. బాగుంది నవ్వు. ఈమధ్య ఇంట్లో అంత నవ్వు నేను చూడలేదు.

పెద్దాయన వెంట ఉన్నాడని రాశావు. నువ్వు ఒక్కదానివే వెళ్తానంటే ఎంత వద్దన్నాను. ఇప్పుడు తోడు ఉందంటే గుండెల మీది బరువు దిగినట్టే ఉండాలి. దిగింది కూడా. మీ ఎక్స్‌రే గది పెద్దాయన గురించి వినని రోజు లేదు నాకు. ఇవాళ పెద్దాయన మొండికేశాడు, ఇవాళ పెద్దాయన లేకపోతే పని జరిగేది కాదు అని ముప్పై ఏళ్ళు కంచం ముందు కూర్చుని నువ్వు చెబుతుంటే విన్నాను. ఎప్పుడూ చూడలేదు. నా నమస్కారాలు చెప్పు. వయసు మళ్ళాక ప్రయాణంలో బడలిక ఎక్కువ, కాస్త చూసుకో.

నేను అడగకూడనిదేమీ అడగడం లేదు. గమనించు.

ఇంటాయన మళ్ళీ అడిగాడు. కళ్ళజోళ్ళాయన తొందరపెడుతున్నాడట. మా చెల్లెల్ని అడగకుండా చెప్పలేనన్నాను.

అక్క

*

రెండో ఊరి లాడ్జి నుంచి,
ఫిబ్రవరి 17

అక్కా,

క్షేమం. మధ్య అంతస్తే. కాలరు సరిచేసుకున్నాను.

నీ నమస్కారాలు పెద్దాయనకి చెప్పాను. ఉలకలేదు, పలకలేదు. ఆయన సంగతి తెలిసిందే కదా. కానీ నువ్వు ఆయన్ని గుర్తుపెట్టుకుని పలకరించావు చూడు, ఆ వాక్యం చదివి లాడ్జి వరండాలో ఒక్కదాన్నే పడీపడీ నవ్వాను.

నిన్న ఊరి చివర కోట ఎక్కాను. నాలుగొందల మెట్లు. సగం మెట్ల దాకా పెద్దాయన్ని చంకలో పెట్టుకున్నాను, తర్వాత భుజాన వేసుకున్నాను. ఎదురొచ్చినవాళ్ళు దారి ఇచ్చారు. పైన గాలికి కాలు ఒకటి వదులై ఒరిగిపోబోయాడు, పట్టుకున్నాను. కిందికి వచ్చాక గుడ్డపేలిక చుట్టి బిగించి కట్టాను. ఇప్పుడు కులాసా. రాత్రిళ్ళు తలుపుకి అడ్డంగా నిలబెట్టి పడుకుంటున్నాను. గడియ వదులుగా ఉన్న గదుల్లో ఇంతకంటే మంచి ఉపాయం లేదు. ఎవరైనా తోస్తే ముందు ఆయన పడతాడు, ఆ చప్పుడుకి నేను లేస్తాను. నువ్వు హాయిగా నిద్రపో.

ఈసారి నాలుగు ఫొటోలు. మొదట్లో నేను అన్నింట్లోనూ మధ్యలో నిలబడేదాన్ని, గుర్తింపు కార్డు ఫొటోలా ఉండేవి. స్టూడియో ఆయన చూసి, "మీరు కొంచెం పక్కకి జరగండమ్మా, ఊరు కూడా కనబడాలి కదా" అన్నాడు. జరిగాను. కోట ఫొటోలో నేను ఒక మూల చిన్నగా ఉంటాను, వెతుక్కో. గోడ ఎంత ఎత్తో నన్ను బట్టే తెలుస్తుంది. గోడ ఒక్కటే తీస్తే ఇంటి ప్రహరీలాగే ఉంది.

గది సంగతి వచ్చాక మాట్లాడుకుందాం. తొందరేముంది.

నీ,
పొడుగు

*

ఇంటి నుంచి,
ఫిబ్రవరి 22

చెల్లీ,

అక్క ఆశీస్సులు. రెండు రోజులు కలం పట్టుకోలేదు. ఇవాళ మిషను మీద గుడ్డ కప్పేసి రాస్తున్నాను.

ఏడు ఫొటోలూ వరసగా పరిచి చూశాను. నేను యాభై ఏళ్ళుగా మనుషుల్ని చూపుతోనే కొలుస్తున్నాను. టేపు పెట్టేది వాళ్ళ తృప్తికి. ప్రతి ఫొటోలోనూ నీ కోటు మూడో బొత్తాము దగ్గర చూపు తిన్నగా ఉంది, పై బొత్తాములు కిందినుంచి చూసినట్టున్నాయి. అంటే తీసినవాళ్ళ కన్ను నేలకి మూడున్నర అడుగుల ఎత్తులో ఉంది. ఏడింటికీ అంతే, అంగుళం తేడా లేదు. నిలబడి తీస్తే అలా రాదు. ఆయన కూర్చుని తీశాడు. ఏడుసార్లలో ఒక్కసారైనా లేవలేదంటే లేవలేడనే కదా.

కాలు బాగాలేదని నువ్వే రాశావు. కట్టుకట్టానని రాశావు. భుజాన మోశానని రాశావు. నీ నడుం నొప్పి నాకు తెలియదా. ఆ మనిషిని నాలుగొందల మెట్లు ఎక్కించాల్సిన అవసరమేమిటి. కింద కూర్చోబెట్టి నువ్వు ఎక్కి రావచ్చు కదా. పైగా కాలు బాగాలేని పెద్దమనిషిని తలుపు దగ్గర నిలబెట్టి నువ్వు పడుకుంటున్నావా. ఇది నేను పెంచిన పిల్లేనా అనిపించింది.

తర్వాత నెమ్మదిగా ఆలోచించాను. మా ఆయన పోయినప్పుడు నేను ఒక్కదాన్నే అయ్యానని నీ పెట్టె తీసుకుని వచ్చేశావు. అప్పుడు నీకు ముప్పై. వచ్చిన సంబంధాలన్నీ కాదన్నావు. అంతా నా కోసమే అనుకున్నాను, అందుకు నేను పడిన సిగ్గు నీకెప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు తెలుస్తోంది, పెద్దాయనంటే మీ ఆసుపత్రి పెద్ద డాక్టరని, నీకు ఆయన ఉన్నాడని. ముప్పై ఏళ్ళు రోజూ చెబుతూనే ఉన్నావు, నాకే అర్థం కాలేదు. ఆ నవ్వు ఎవరికేసి చూసి నవ్వావో ఇప్పుడు అర్థమైంది.

నేను కోపంగా లేను. కోపంగా ఉందామని చూశాను, రాలేదు. నడవలేని మనిషిని మన మెట్లెక్కించి పైకి తీసుకురాలేవు. నువ్వు ఆయన్ని ఎక్కడ ఉంచితే అక్కడ ఉండాలి. అక్క ఒక్కతే ఉంటుందన్న మొహమాటంతో తిరిగి రావద్దు. నిన్న ఇంటాయనకి చెప్పేశాను, నెల దాటాక నీ గది కళ్ళజోళ్ళాయనకి ఇమ్మని. నాకూ మిషనుకీ ఒక గది చాలు.

ఆయనకి చల్లగాలి తగలనివ్వకు.

అక్క

*

మూడో ఊరి లాడ్జి నుంచి,
ఫిబ్రవరి 24

అక్కా,

క్షేమం. ఈసారి మధ్య అంతస్తు దొరకలేదు, పై అంతస్తు. ఏం చేయాలో ఆలోచించి రాస్తానన్నావు, ఇంకా రాలేదు. కంగారుపడకు, మెట్లు రెండు వైపులా ఉన్నాయి. దిగి చూశాను.

నీ ఉత్తరం రాలేదు. చలికి చేతులు పట్టేశాయా. యూనిఫారాలు మరీ ఎక్కువ ఒప్పుకోకు.

ఈ ఊళ్ళో పాత అచ్చాఫీసు ఉంది. లోపలికి రానిచ్చారు. అడిగి తీస్తే ఎవరూ కాదనరు, అడక్కుండా తీస్తేనే మొహం చిట్లిస్తారు. అక్షరాలు పేర్చేవాడి వేళ్ళు తీశాను, మొహం లేదు, వేళ్ళే. అంతా కలిపి తీద్దామని వెనక్కి వెనక్కి జరిగితే ఏదీ తెలియడం లేదు. దగ్గరికెళ్ళి ఒకటి తీస్తే ఆఫీసంతా తెలుస్తోంది.

ఒకటి ఒప్పుకోవాలి. పెద్దాయన లేకపోతే ఈ ప్రయాణంలో నా ఫొటో ఒక్కటి కూడా ఉండేది కాదు. ఇకమీదట ఎక్కడికెళ్ళినా ఆయన్ని వదిలిపెట్టను. ఈ ఊరు ఎంత నచ్చిందంటే ఇక్కడే ఉండిపోదామనిపిస్తోంది.

నీ,
పొడుగు

*

ఇంటి నుంచి,
ఫిబ్రవరి 28

చెల్లీ,

అక్క ఆశీస్సులు. ఉండిపోదామనిపిస్తోందని రాశావు. నేను రాసింది అందిందనుకుంటాను. నీ మనసు తేలికపడింది, నాకు అది చాలు.

నీ బట్టలు మడిచి ట్రంకుపెట్టెలో సర్దాను. ఉన్ని బట్టలు పైన, త్వరగా తీసుకోవాల్సివస్తుంది. నీ పొడుగు కుర్చీ నా గదిలోకి లాగాను, దానికి కూడా ఇక్కడ చోటు తక్కువే. కళ్ళజోళ్ళాయన ఎల్లుండి గది చూడ్డానికి వస్తాడు, పదో తారీఖున సామాను తెస్తాడు. మంచివాడే, మెల్లగా మాట్లాడతాడు. అందుకే నాకు ఒక్క ముక్కా వినబడదు. ట్రంకు ఏ చిరునామాకి పంపాలో రాయి.

అక్క

*

మూడో ఊరి లాడ్జి నుంచి,
మార్చి 3

అక్కా,

నీ ఉత్తరాలు రెండూ ఇవాళ కలిసి వచ్చాయి. మొదటిది కంగారులో రెండో ఊరి చిరునామాకే రాశావు, అక్కడి గుమాస్తా దారి మళ్ళించాడు. ముందు ట్రంకు ఉత్తరం చదివాను. ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఆ మొదటిది చదివి వెంటనే కాగితం తీశాను.

పెద్దాయన మనిషి కాదు.

పెద్దాయన స్టాండు. ఎక్స్‌రే పలకని పట్టుకుని నిలబడే ఇనప స్టాండు. నేను ఉద్యోగంలో చేరేనాటికే అది అందరికంటే పాతది, అందుకని గదిలో అందరం పెద్దాయన అనేవాళ్ళం. మొండికేశాడంటే చక్రం తిరగలేదని. లేకపోతే పని జరగదంటే పలకని పట్టుకునేదేదీ లేదని. డాక్టరుగారు వేరు. ఆయన మేడ మీద ఉండేవాడు, ఆయన గురించి ఇంట్లో చెప్పేటంత సంగతి ఎప్పుడూ జరగలేదు. ఈ ప్రయాణానికి కెమెరా నిలబెట్టే మూడు కాళ్ళ స్టాండు ఒకటి కొనుక్కున్నాను. బరువులు మోయకు అంటావని నీకు చెప్పలేదు. అలవాటుకొద్దీ దాన్నీ పెద్దాయన అన్నాను. నీకు తెలుసనుకున్నాను. నమస్కారాలు చెప్పమంటే నువ్వు నాతో పరాచికాలాడుతున్నావనుకున్నాను.

గుండీ నొక్కితే కెమెరా పది లెక్కపెట్టి దానంతట అదే ఫొటో తీస్తుంది. ఆ పదిలోపల నేను పరిగెత్తుకెళ్ళి నిలబడాలి. ఆయాసం అందుకు. మూడున్నర అడుగులంటే స్టాండు కాళ్ళు సగం లాగిన ఎత్తు, నువ్వు అంగుళం కూడా తప్పలేదు. గాలికి ఊగుతుందని అంతకంటే పైకి లాగను. లాడ్జి అద్దం ముందు నిలబెట్టి తీసిన ఫొటో పంపుతున్నాను, పెద్దాయన్ని నువ్వే చూడు. కాలికి కట్టు కూడా కనబడుతుంది.

నవ్వు గురించి రాశావు. ఆ పది లెక్కపెట్టేంతసేపు ఎటు చూడాలో మొదట్లో నాకు తెలిసేది కాదు. గాజుకన్నుకేసి చూస్తే మొహం బిగుసుకుపోయేది. అప్పుడు మొదటి ఊరి స్టూడియో ఆయన, "ఈ ఫొటో ఎవరికి పంపుతారో వాళ్ళు అక్కడ ఉన్నారనుకుని చూడండి" అన్నాడు. అప్పట్నుంచి అలాగే చూస్తున్నాను. మిషను మీద వంగి, కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, నా కాలరు ఎక్కడ మడిచిందా అని వెతుకుతూ నువ్వు కనబడతావు. నవ్వు దానంతట అదే వస్తుంది.

సంబంధాలు నేను కాదన్నది నీ కోసం కాదు, పెద్దాయన కోసం అంతకంటే కాదు. వచ్చిన ముగ్గురూ నా ఎత్తు అడిగాకే కూర్చున్నారు. నాకు మన ఇల్లు నచ్చింది. సిగ్గు పడ్డానన్నావు, ఆ సిగ్గు ఇవాళ్టితో వదిలెయ్.

నా గది ఎవరికీ ఇవ్వకు. తొమ్మిదో తారీఖు బస్సుకి బయల్దేరి ఇంటికొచ్చేస్తాను. సముద్రం ఎక్కడికీ పోదు.

నీ,
పొడుగు

*

ఇంటి నుంచి,
మార్చి 7

పొడుగూ,

అక్క ఆశీస్సులు. నిన్న నీ ఉత్తరం వచ్చింది. ఈ ఉత్తరాన్ని నాలుగో ఊరి చిరునామాకి పంపుతున్నాను. ఇది నీ చేతిలో ఉందంటే నువ్వు ఇంటికి బయల్దేరకుండా ఆగావనే.

మొట్టమొదట ఫొటోలో కాళ్ళు లెక్కపెట్టాను. మూడే. ఎంత సన్నగా ఉన్నాడో. ఈ మాత్రం మనిషిని భుజాన వేసుకోవడం ఏమంత కష్టం కాదులే. తర్వాత టీచరమ్మ వచ్చేదాకా ఒక్కదాన్నే కూర్చుని ముప్పై ఏళ్ళలో నువ్వన్న మాటలన్నీ ఒక్కొక్కటే తీసి సరిచేసుకున్నాను. పెద్దాయన ఇవాళ ఊగుతున్నాడు అన్నప్పుడల్లా తాగి వచ్చాడనుకునేదాన్ని. అంత తాగే మనిషిని పనిలో ఎలా ఉంచుకున్నారా అని ఎన్ని రోజులు బాధపడ్డానో. పెద్దాయనకి రంగు వేశారు అని ఒకసారి అన్నావు. ఈ వయసులో జుట్టుకి రంగేమిటని మూతి తిప్పుకున్నాను. ఆయన మీద నాకు కుళ్ళు కూడా ఉండేది, అది ఇప్పుడు చెప్పుకోవచ్చు. రోజంతా నీతో ఉండేది ఆయన, నాకు దొరికేది భోజనం వేళ ఆయన కబుర్లు. ఇనప కర్రని చూసి ఇన్నేళ్ళు కుళ్ళుకున్నదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

గుండె తేలికపడగానే మళ్ళీ బరువెక్కింది. గది ఇచ్చేశానే. కుట్టుపని మొదలుపెట్టిన రోజు నుంచి ఇచ్చిన మాట వెనక్కి తీసుకున్నదాన్ని కాను. ముందు ఇంటాయన దగ్గరికి వెళ్ళాను. నాకేమీ తెలియదు, మీరూ మీరూ తేల్చుకోండి అన్నాడు. చెప్పులేసుకుని కళ్ళజోళ్ళాయన కొట్టుకి నడిచాను. దారిలో మూడు రకాలుగా అనుకుని వెళ్ళాను, ఎదురుగా నిలబడగానే మూడూ పోయాయి. మా చెల్లెలు వస్తోందండీ, ఆ గది దానిదండీ, నాకు బుద్ధి తక్కువై ఇచ్చానండీ అన్నాను.  ఆయన నాకు వినబడాలని చెవి దగ్గరకి వంగి చెప్పాడు:

"బతికించారమ్మా. మీ మెట్లు చూసిన రోజు నుంచి నాకూ నిద్ర లేదు. నా దగ్గరికి వచ్చేవాళ్ళకి చూపు సరిగా ఆనదు. వాళ్ళు ఆ మెట్లు ఎలా ఎక్కుతారు. మీకు మాటిచ్చాను గదా అని ఊరుకున్నాను."

ఇద్దరం మొహమాటపడి ఇన్ని రోజులు దిగులుపడ్డాం. ఊరికే పంపకుండా నా కళ్ళు కూడా చూశాడు, అద్దాలు మార్చాలట.

అక్కణ్ణుంచే నీ లాడ్జికి ఫోన్ చేశాను. వినబడదని ఇన్నాళ్ళూ ఫోన్ ముట్టుకోలేదు. కానీ చెప్పడానికి చెవులతో పనేముంది. ఎవరో ఎత్తారు. పై అంతస్తులో ఉన్న పొడుగాటి ఎక్స్‌రే ఆవిడకి చెప్పండి, గది ఉంది, తొమ్మిదో తారీఖు బస్సు ఎక్కొద్దు, సముద్రం చూసే రావాలి అని అక్క చెప్పింది అన్నాను. మూడుసార్లు చెప్పి పెట్టేశాను. అవతల ఏమన్నారో దేవుడికి తెలియాలి. నువ్వు ఆగావు కాబట్టి మంచిమాటే అని ఉంటారు.

నీ బట్టలు ట్రంకులోంచి తీసి మళ్ళీ బీరువాలో పెట్టాను. కుర్చీ నీ గదిలోకి తోశాను, వెళ్ళేటప్పుడు తేలిగ్గానే వెళ్ళింది. గుడ్డ తీసి మిషను ముందు కూర్చుంటే యూనిఫారాలు ఆరు జతలు తెలియకుండానే అయిపోయాయి.

ఎందుకు ఆగమన్నానో అడుగుతావు. ఈ నెల రోజులూ నేను భయపడ్డది దొంగల గురించి అనుకున్నాను, మెట్ల గురించి అనుకున్నాను. అవేమీ కాదు. నువ్వు తిరిగి రావేమోనని. నీ ఉత్తరం చదివాక ఆ భయం లేదు. వచ్చేదానివేనని తెలిశాక ఎప్పుడొస్తే ఏం. అరవై ఏళ్ళకి ఒకసారి బయల్దేరినదానివి, నా తెలివితక్కువతనం వల్ల సముద్రం చూడకుండానే వెనక్కి రాకూడదు.

సముద్రం ఎలా ఉంటుందో నేనూ చూడలేదు. పక్కకి జరిగి నిలబడు, అదంతా కనబడాలి. నీళ్ళలో దిగు. మోకాళ్ళ దాకా దిగు అని రాసి కొట్టేశాను, కాగితం మీద చూసే ఉంటావు. నడుము దాకా దిగు.

అక్క